దక్షిణం వాకిలికి నేను వేసిన కోత

ఆరేళ్లుగా మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు, ఇంట్లోవాళ్లకు కూడా. మీరు నాకు ఏమీ కారు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను. నా వల్ల ఒక ఆడమనిషి, మానేయాల్సిన చాకిరీని ఇంకా చేస్తోంది. నేను ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. ఒక లెక్కను తప్పుగా చదివి చెప్పాను. తప్పని తెలిశాక నోరు మూసుకున్నాను.

ఇబ్రహీంపట్నం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. కొత్తలో ఇల్లు వెతుక్కుంటూ, పనిలో పనిగా పిల్లలకు పాఠంగా ఉంటుందని, చూసిన ప్రతి ఫ్లాటు వివరాలూ రాసుకున్నాను. నలభై ఇళ్లు. విస్తీర్ణం, అంతస్తు, బస్టాండుకు దూరం, వాకిలి ఏ దిక్కు, కిరాయి ఎంత. వాటితో రిగ్రెషన్ వేశాను. కిరాయిలో ఏ అంశం వాటా ఎంతో విడదీసి చూపే లెక్క అది. దక్షిణం వాకిలి ఎదురుగా మైనస్ రెండు వేలు వచ్చింది. మిగతావన్నీ సమానంగా ఉన్నా ఆ దిక్కు ఇంటికి రెండు వేలు తక్కువని దానర్థం. వాస్తు పట్టింపు మనవాళ్లకు ఉన్నదే కదా, అంకె సరిగ్గానే వచ్చిందని మురిసిపోయాను.

మా హాస్టల్ మెస్సులో వంట చేసే యాదమ్మక్క, భర్త పోయాక, ఉన్న కాస్త పొలం అమ్మి ఒక కొత్త అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొనుక్కుంది. తను మంచాల అనే ఊళ్లో తమ్ముడి దగ్గర ఉంటూ మొదటి బస్సుకు వచ్చేది. మోకాళ్లు అరిగిపోయాయి. కిరాయి పదకొండు వేలు వస్తే మెస్సు మానేస్తానని కనిపించినవాళ్లందరికీ చెప్పేది. ఒకరోజు నా దగ్గరికి వచ్చింది.

“సారూ, నువ్వు లెక్కలు చెప్పేటోనివి. నా ఇంటికి కిరాయి ఎంతొస్తదో జర సూడు.”

“దక్షిణం వాకిలి కద అక్కా. తొమ్మిది వేలకంటె ఎక్కువ రాదు.”

“గట్లనా? కంప్యూటర్ల గూడ గదే వచ్చిందా?”

“అవ్ అక్కా, గదే వచ్చింది.”

“కొనేటప్పుడే మా తమ్ముడు మొత్తుకున్నడు, దక్షిణం వద్దక్కా అని. నేనే ఇనలే. ఇగ ఏంజేస్త, ఇంకొన్నొద్దులు వండుత. నువ్వే ఉండరాదు సారూ గండ్ల? నీ అసోంటోనికిస్తే నాకు ఫికరుండది.”

చేరాను. లిఫ్టు ఉంది, ఇరవై నాలుగు గంటలూ నీళ్లు. తొమ్మిది వేలకు!

నెల తిరక్కముందే క్లాసు కోసం ఆ కాగితాలు మళ్లీ తీశాను. నా నలభై ఇళ్లలో దక్షిణం వాకిలివి ఆరే. ఆరూ ఒకే పాత బిల్డింగువి. దానికి లిఫ్టు లేదు, ఎండాకాలం బోరు ఎండిపోతుంది. అదే బిల్డింగులో తూర్పు వాకిలి ఇళ్ల కిరాయీ అంతే తక్కువ. లిఫ్టు, నీళ్లు అని రెండు వరుసలు చేర్చి మళ్లీ వేశాను. దక్షిణం కోత ఉందో లేదో చెప్పలేనంతగా కరిగిపోయింది. దగ్గర్లోని కొంగరకలాన్ ఫ్యాక్టరీకి షిఫ్టుకు పోయేవాడికి దిక్కుతో పనేంటి? నల్లా తిప్పితే నీళ్లు రావాలి, అంతే. బుర్ర ఉన్నవాడెవడికైనా తెలిసే సంగతి. నాకెందుకు తట్టలేదు? తట్టలేదా, తట్టనివ్వలేదా? ఇల్లు చవగ్గా కావలసినవాడు వేసిన లెక్క అది. ఆ రెండు వరుసలు నిజంగా మరచిపోయానో, నా అవసరమే మరిపించిందో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను, తేల్చుకోవాలని కూర్చున్న ప్రతిసారీ ఏదో పని గుర్తొచ్చి లేచిపోతాను.

ఆ మర్నాడే చెప్పాల్సింది. చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. మెస్సులో ఆమె గోడ పట్టుకుని నడుస్తుంటే తల పక్కకు తిప్పుకున్నాను. క్లాసులో మాత్రం “వదిలేసిన అంశం లెక్కను ముంచుతుంది” అని గొంతు చించుకున్నాను. సిగ్గు లేకపోతే సరి! ఏటా రెండొందలు పెంచి మంచివాణ్ణనిపించుకున్నాను కూడా. చుట్టుపక్కల కిరాయిలు అంతకంటే వేగంగా పెరిగాయని నాకు తెలుసు.

పోయిన నెల ఇల్లు ఖాళీ చేశాను. చూడడానికి ఫ్యాక్టరీలో పనిచేసే కుర్ర జంట వచ్చింది. ఆ అమ్మాయి నల్లా తిప్పి చూసింది, లిఫ్టు పనిచేస్తుందా అని అడిగింది. దిక్కు మాటే ఎత్తలేదు. యాదమ్మక్కే ముందుగా, తప్పు ఒప్పుకుంటున్నట్టు, చెప్పింది: “దక్షిణం వాకిలి బిడ్డా, నేను దాస్తలేను. అందుకే తక్కువకిస్తున్న. కావాలంటే గీ సారునడుగు.”

ముగ్గురూ నా వైపు చూశారు.

నేను తల ఊపాను.

ఇది రాశాక గుండె కాస్త తేలికైంది, అబద్ధం చెప్పను. దానికీ నా మీద నాకే మండుతోంది. ఆమె రేపు కూడా మొదటి బస్సు ఎక్కుతుంది.