తనిఖీ రోజున బఖూర్ పొగ

మొన్న అల్ అజీజియాలో ఒక విల్లా తలుపు తెరవగానే బఖూర్ పొగ గుప్పుమంది. నిప్పుల మీద సువాసన చెక్క వేసి అతిథికి ఆ పొగ పట్టడం ఇక్కడి సౌదీల మర్యాద. నాకు మాత్రం మర్యాద కంటే ముందు అనుమానం గుర్తొస్తుంది, దాని వెనకే ఖాజా భాయ్ గుర్తొస్తాడు. ఖోబర్‌లో ఇళ్ళ మరమ్మతుల పనిలో నాకు మొదటి మేస్త్రీ, కర్నూలు మనిషి. ఎవరినీ ఓ పట్టాన నమ్మేవాడు కాదు. కొళాయి బాగుందని నేనంటే మళ్ళీ తనే వెళ్ళి తిప్పి చూసుకునేవాడు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది.

ఆ రోజుల్లోనే, భర్త పోయిన ఒక సౌదీ పెద్దావిడ, ఇల్లు అమ్మేసి దూరాన అభా ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోదామనుకుంది. అంతకుముందు బేరానికొచ్చినవాళ్ళు తనిఖీ కాగానే ముఖం చాటేశారు. ఈసారీ తప్పిపోతే ఆ ఇంట్లో ఒంటరిగా ఉండలేనని ఆమె దిగులు. కొనేవాళ్ళ ఇంజనీరు వచ్చేలోపు ఇల్లు సిద్ధం చేయమని మమ్మల్ని పిలిచింది. ఖాజా భాయ్ గోడలకు ఆనించిన సోఫాలు జరిపించాడు, కరెంటు బోర్డు ముందున్న అట్టపెట్టెలు తీయించాడు, మేడ మీది నీళ్ళ ట్యాంకు దాకా దారి చేయించాడు. ఇంజనీరు ప్రతి ఏసీ వేసి చూస్తాడని, దారి లేనిచోట ఏదో దాచారనుకుంటాడని ఆయన లెక్క. ట్యాంకు కింది గదిలో కప్పుకు చెమ్మ మరక కనిపించింది. దాని మీద రంగు వేసేయమంది ఆమె. ఆయన ఒప్పుకోలేదు. పైన కారుతున్నది బాగుచేసే వ్యవధీ లేదు.

"ఒక్కచోటే కొత్త రంగు కనపడితే ఇల్లంతా గోకి చూస్తాడబ్బీ," అన్నాడు నాతో.

తనిఖీ రోజు మేం వెళ్ళేసరికి ఇల్లంతా పొగ. ఇంజనీరు గుమ్మంలోనే ఆగిపోయాడు. కిటికీలన్నీ తెరిపించి, పొగ పోయేదాకా బయటే నిలబడ్డాడు. ఏ చెమ్మ వాసన కప్పడానికి ఇదంతా అన్నట్టు ఆమెకేసి చూశాడు. నిజానికి నా అనుమానమూ అదే. రంగు కుదరలేదని ఈ దారి పట్టిందనుకున్నాను.

ఖాజా భాయ్ ఎవరూ అడగకుండానే ఇంజనీరును నేరుగా మరక దగ్గరికి తీసుకెళ్ళి, పైన ట్యాంకు పైపు అతుకు కారుతోందని చెప్పేశాడు. ఆమె కోపంతో, నువ్వు వాళ్ళ మనిషివా అని నిలదీసింది. ఇంజనీరు మాత్రం ఆ తర్వాత కాస్త మెత్తబడ్డాడు. అతుకు బాగుచేయిస్తే కొంటామని వారంలోపే కబురొచ్చింది. బాగుచేశాం, ఇల్లు అమ్ముడైంది.

ఆ పని ముగించి వస్తూ, ఆమె పొగ మర్యాదకు వేసిందా, దాచడానికా అని ఖాజా భాయ్‌ని అడిగాను.

"నాకేం తెలుసబ్బీ? ఆమె మనసులోకి పోయి చూసినానా? తెలీదు గాబట్టే మనమే ముందు చూపిచ్చింది. ఇంక ఆమె మీద మాట రాదు."

అప్పటిదాకా ఆయన అనుమానమంటే నాకు విసుగే. ఆ రోజు మాత్రం ఆయన మీద ఎంతో ప్రేమ కలిగింది.

ఇప్పుడు నేను కొనేవాళ్ళ తరఫున ఇళ్ళు తనిఖీ చేస్తున్నాను. పని మొదలుపెట్టే ముందు, మీకు తెలిసిన లోపం ఏదైనా ఉందా అని అమ్మేవాళ్ళను అడుగుతాను. లేదని చెబితే ఒక్క మూల కూడా వదలను. ఉందన్నా అన్నీ చూస్తాను, నా బుద్ధి పోదు. కాకపోతే, వాళ్ళ గోడలు కొంచెం మెల్లగా తడతాను.