వెనక్కి తీసిన పిడికెడు

నిజాం జమానాలో మా ఇబ్రహీంపట్నంలో ఒక ప్రార్థనల అవ్వ ఉండేది. ఏసును నమ్ముకున్న కూలి మనిషి. ఎసట్లో నూకలు పోసే ముందు ఒక పిడికెడు వెనక్కి తీసి చిన్న కుండలో వేసేది. "గిది దేవునిది" అనేది. ఆదివారం పాస్టరయ్య వచ్చి అవి సంచిలో పోసుకుని పోయేవాడు. ఎంత ఆకలైనా ఆమె ఆ కుండ ముట్టేది కాదు.

ఒక ఎండాకాలం మా ఆయన ఆమెను మా బావి దగ్గర నుంచి తరిమేశాడు. వానలు పడగానే మా ఇంటికి గత్తర వచ్చింది, అదే కలరా. ఇద్దరం వాంతులతో పడిపోయాం. గాదె నిండా వడ్లున్నాయి గాని దంచి వండే మనిషి లేదు. చుట్టాలెవరూ గడప తొక్కలేదు.

గంజి ముంతతో ఆ అవ్వే వచ్చింది. మా ఆయన గోడవైపు తిరిగాడు.

"నీ చేతిది మేం తాగం."

"తాగకుంటే చస్తవ్ పటేలా. ముందుగాల తాగు, బతికినంక తిట్టు."

తాగాడు. నేనూ తాగాను. నాలుగు రోజులు పూటపూటా తెచ్చింది.

ఆదివారం ముంత తిరిగిద్దామని గోడలు పట్టుకుంటూ వాళ్ల వాడకు పోయాను. అప్పుడే పాస్టరయ్య కుండ వంచి చూస్తున్నాడు.

"ఏందవ్వా, దేవుని కుండ ఉత్తగున్నది?"

"ఆయన ఆదివారం దాకా ఆగలేదయ్యా. పటేల్ ఇంట్ల మంచం పట్టిండు. ఆడ్నే తాగిచ్చిన."

పాస్టరయ్య నన్ను చూశాడు, నా చేతిలో ముంతను చూశాడు. భుజం మీది సంచి దించి, నాలుగిళ్లలో పోగైన నూకలన్నీ ఆ కుండలో కుమ్మరించాడు.

"ఉంచవ్వా. ఆయనకు ఇంకా నీరసం పోయినట్టు లేదు."