మబ్బు మీద దేవత, తాడు దగ్గర నేను

ఆ సెమిస్టర్‌లో సీట్లు మిగిలిన ఎలెక్టివ్ ఒక్కటే: పాత యూరప్ నాటకశాలల చిత్రాలు. కెనడాలో ఎటోబికో అనే చోటున్న మా కాలేజీకి మన దేశం నుంచి మాలాంటి వాళ్లం ఎంతమందిమి దిగామంటే, నేను లాగిన్ అయ్యేసరికే మిగతావన్నీ నిండిపోయాయి. ఇది పోతే డిప్లొమా ఆగుతుంది. డిప్లొమా ఆగితే వర్క్ పర్మిట్‌కి అప్లై చేయలేను. స్టడీ పర్మిట్ గడువు దగ్గర పడింది. మొత్తానికి నా బతుకు ఆ పాత బొమ్మల్లో విగ్గులు పెట్టుకున్న మనుషుల చేతిలో పడింది.

పరీక్షంటే, ఇచ్చిన బొమ్మని క్లాసు ముందు వివరించడం. నాకొచ్చింది పద్దెనిమిదో శతాబ్దంలో రాగిరేకు మీద చెక్కి అచ్చేసిన బొమ్మ. పైన మబ్బు మీద ఒక స్త్రీ. కింద చేతులు చాచిన మనుషులు, ఒంటికాలి మీద కుర్రాళ్లు. ఎటు చూసినా కొవ్వొత్తులు. చుట్టూ మేడల్లా లేచిన బాల్కనీ వరసల్లో జనం, వాళ్లలో సగంమంది కబుర్లలో ఉన్నారు.

"ఏం బొమ్మరా?" అన్నాడు మా రూమ్మేట్, వరంగల్ వాడు.

"క్రిస్మస్ డ్రామా. మా చర్చిలో ఏటా దేవదూతని తాడుతో దించేది నేనే. నాకు తెలీదా?"

"మరి బాలయేసు ఏడి?"

"చివర్లో తెస్తారు. ముందే తెస్తే ఏడుస్తాడు."

క్లాసులో అదే చెప్పాను. దేవదూత, గొల్లలు, సంఘం. కబుర్లాడే వాళ్లున్నారు కాబట్టి ఇది కచ్చితంగా చర్చేనని కూడా నిరూపించాను.

ప్రొఫెసర్ కళ్లద్దాలు తీశారు. "ఆమె వీనస్, రోమన్ల ప్రేమదేవత. ఇది ఒపెరా, పాటలతో నడిచే నాటకం. ఆ కుర్రాళ్లు బ్యాలే డాన్సర్లు."

వెనక ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. కూర్చుందామని పక్కకి చూశాను. కుర్చీ కూడా లేదు.

"దేవదూత అని ఎందుకనుకున్నావు?"

"మబ్బు అడుగు చదునుగా ఉంది మేడమ్. మేమూ బల్లకే దూది అంటించేవాళ్లం. ఆవిడ ఒక చెయ్యే ఊపుతోంది, రెండోది వెనక దేన్నో పట్టుకుంది. మా దేవదూతా అంతే. ఒక చెయ్యి దీవెనకి, ఒక చెయ్యి తాడుకి."

ప్రొఫెసర్ బొమ్మ మీదకి వంగారు. "తాడేదీ?"

"చెక్కినాయన వదిలేశాడు. బొమ్మ కొనుక్కునేవాళ్లకి తాడెందుకు?"

"ఇంట్రెస్టింగ్," అన్నారు. కెనడాలో ఆ మాటకి బాగుందనీ అర్థం, ఇక వెళ్లమనీ అర్థం. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని అన్నారు: "సోమవారం మళ్లీ చెప్పు. ఈసారి వీనస్‌తో మొదలుపెట్టి తాడు లాగేవాళ్ల దాకా రా. అప్పటిదాకా మార్కులు వేయను."

బస్సెక్కాక రూమ్మేట్ ఫోన్. "పాసైనవా?"

"ఒక ఏడాది మా చర్చిలో తాడు కప్పీలో పట్టేసి దేవదూత గాల్లో మధ్యలో ఆగిపోయింది. శుభవార్త చెప్పేసింది, కిందికి రాలేదు. గొల్లలు అదే పాట మళ్లీ మళ్లీ పాడారు."

"దానికీ దీనికీ ఏం సంబంధంరా?"

"నేనిప్పుడు అక్కడున్నా."

"మరి ఆమెను ఎట్ల దించిన్రు?"

"నిచ్చెన వేసి."

"సరే తియ్. ఆదివారం నాకు షిఫ్ట్ లేదు. నువ్వు చెప్పు, నేను మేడమ్ లెక్క కూసొని ప్రశ్నలడుగుత."