కడుగునీళ్ళ తోట

మంచు పడిన ఉదయం అనపకాయలు కోస్తే వేళ్ళకు ఘాటు వాసనతో ఒక జిడ్డు అంటుకుంటుంది. మా కోలారు వైపు దాన్ని సొగడు అంటాం. సబ్బుతో ఎంత తోమినా మధ్యాహ్నం దాకా ఆ వాసన పోదు. ఈ పొద్దున వేమగల్‌లో మేముండే అద్దె ఇంటి మిద్దె మీద, తొట్లలో పెంచిన తీగల నుంచి ఒడి నిండా కాయలు కోసి, అలవాటుగా వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వెంటనే చెంగమ్మక్క గుర్తొచ్చింది. ఎప్పుడూ అంతే, ఆ వాసన వస్తే ఆమె వస్తుంది. తొట్లకు నీళ్ళు పోద్దామని మెట్ల దగ్గరికి పోయి చూస్తే కింది ఇంటి అమ్మాయి తపేలా లేదు. రోజూ బియ్యం కడిగిన నీళ్ళు అక్కడ పెట్టి పోయే పిల్ల. కొన్నాళ్ళుగా పెట్టడం లేదు.

మీరెవరూ చెంగమ్మక్కను చూసి ఉండరు. కేజీఎఫ్‌లో బంగారు గని పనివాళ్ళ ఇళ్ళ వరసల్ని లైన్లు అంటారు. మా లైనులో మాది చివరి నుంచి రెండో ఇల్లు, ఆమెది చివరిది. వయసులో మా అమ్మంత ఉన్నా పిల్లా పెద్దా అందరికీ ఆమె అక్కే. భర్త గని లోపల పనిచేసి, రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని పోయాడు. పిల్లలు లేరు. నోరు మాత్రం ఉండేది! ఆమె అరిస్తే లైను మొదట్లో ఉన్న కోళ్ళు కూడా సర్దుకునేవి.

ఆ నేలలో గడ్డి మొలవడమే గొప్ప. బంగారం తీసేసిన రాతిపిండిని గుట్టలుగా పోసి ఉంచారు, సైనేడు దిబ్బలంటాం. గాలికాలంలో ఆ పిండి ఎగిరొచ్చి పక్కబట్టల మీదా అన్నం మీదా పడేది. అలాంటి చోట ఈమె తోట పెట్టింది. లైనులో ఎవరు సొంత ఊరికి పోయినా ఆమెకొక సంచి మన్ను తేవలసిందే. మా పుట్టిల్లు కామసముద్రం నుంచి మా అన్న మొదటిసారి నన్ను చూడవచ్చినప్పుడు, గుమ్మంలో ఉండగానే, "మన్ను తెచ్చినావా అప్పా? పూలూ పండ్లూ యాడైనా దొరుకుతాయి" అని నిలదీసింది. బిత్తరపోయిన మా అన్న తరవాతిసారి నిజంగానే మన్ను మోసుకొచ్చాడు. దాన్ని పగిలిన తొట్లలో, తుప్పు పట్టిన డబ్బాలలో నింపి వంగ, మిరప, టమోటా వేసేది. గనిలో పారేసిన ఇనుప తాడు పురులు విప్పి అనప తీగకు పందిరి కట్టింది. దుమ్ము లేచిన రోజున తడి గుడ్డతో ఒక్కో ఆకునూ, చంటిపిల్ల మూతి తుడిచినట్టు తుడిచేది.

నాతో ఆమె మొదటి మాట తిట్టే. కాపురానికొచ్చిన కొత్త. బియ్యం కడిగిన నీళ్ళు మోరీలో వంపబోతున్నాను.

"ఏమే అమ్మణ్ణీ! నా వంకాయల నోట్లో మన్ను కొడతా ఉండావే! ఆ నీళ్ళు యాడ పోస్తా ఉండావు?"

"మోరీలో అక్కా."

"మోరీకి ఏమన్నా కాయలు కాస్తాయా? ఇట్లా తే!"

కొళాయి ఎప్పుడు వస్తుందో తెలియని ఊళ్ళో ఆ తోట బతికింది లైనువాళ్ళ కడుగునీళ్ళతోనే. ప్రతి ఇల్లూ పొద్దున తపేలాతో నీళ్ళు ఇస్తుంది, సాయంత్రం అదే తపేలాలో కూరో కాయో ఇంటికొస్తుంది. ఎవరూ ఊరికే తీసుకున్నట్టు కాదు, ఆమె ఊరికే ఇచ్చినట్టూ కాదు. ఎవరో ఒకసారి వేడి గంజి పోసి మిరపనారు మాడ్చేశారట. అప్పటి నుంచి ప్రతి తపేలాలో వేలు ముంచి, బొటనవేలితో రాసి చూసుకుని గానీ పోసేది కాదు.

తరవాత గనులు మూతపడ్డాయి. మా ఆయన రాబర్ట్‌సన్‌పేట బజారులో ప్రతి కొట్టూ ఎక్కి దిగాడు. లైనులో సగం మంది మగాళ్ళు అదే పని కోసం అవే కొట్లు ఎక్కి దిగుతుంటే ఎవరు పిలుస్తారు? మొదట బియ్యం మానేశాం. తరవాత రాగిపిండి కూడా సంగటి నుంచి జావకు దిగింది. పుట్టింటికి కబురు చేయడానికి నాకు నోరు రాలేదు. గనివాడికి పిల్లనివ్వనని మా నాన్న మొండికేస్తే, నేనే పట్టుబట్టి చేసుకున్న మనిషి ఆయన. ఆకలి కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది తపేలా. పొద్దున మా ఇంటి నుంచి నీళ్ళు పోకపోతే, మా పొయ్యి మీద అన్నం లేదని లైనంతా తెలిసిపోతుంది. ఎంత సిగ్గు!

అందుకని ఒక పొద్దున మంచినీళ్ళలో గుప్పెడు ముగ్గుపిండి కలిపాను. తెల్లగా, చక్కగా వచ్చాయి. అవే తపేలాలో తీసుకెళ్ళాను. చెంగమ్మక్క వేలు ముంచింది, రాసి చూసింది. నా ముఖం వైపు చూడలేదు.

"మీ బియ్యం బో మంచివి మాదిరి ఉండాయే. నీళ్ళు ఎంత చిక్కగా ఉండాయో చూడు! ఇవి ఆ గోడకాడ తొట్టికి పోస్తా" అంది.

నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ సాయంత్రం తపేలా ఖాళీగా రాలేదు, కానీ దానితో పాటు ఆమె కూడా వచ్చింది. మాది ఒకటే గది. గుమ్మంలో నిలబడితే రాజుకోని పొయ్యి కనిపిస్తుంది. ఆమె లోపలికొచ్చి పొయ్యికి వీపు పెట్టి కూర్చుంది.

"అమ్మణ్ణీ, అనపగింజలు నానేసినాను. పితికేదానికి నా చేతులు నొస్తాయి. నువ్వు రావల్ల. మీ ఆయన్ను కూడా పిలుచుకోని రా, పందిరి ఒక పక్క వంగిపోయి ఉండాది. సుమ్నే కూర్చోని ఏం చేస్తాడు ఇంట్లో?"

నానిన గింజను వేళ్ళ మధ్య ఒత్తితే తోలు ఊడి పప్పు జారిపడుతుంది. నేను పితికాను, ఆయన పందిరి బిగించాడు. పని అయ్యేసరికి సంగటీ పితికిన పప్పు పులుసూ ముందుకొచ్చాయి. పని చేసినవాళ్ళు తినకుండా పోతారా? ఆ మర్నాడు తొట్లు జరపాలంది, ఆ తరవాత కంచె కట్టాలంది. రోజూ ఏదో ఒక పని, రోజూ ఆమె అరుపులు, రోజూ ఆ ఇంట్లో మా భోజనం. నేను మాత్రం పొద్దున్నే ముగ్గునీళ్ళు కలుపుకుని పోతూనే ఉన్నాను. ఆమె రాసి చూస్తూనే ఉంది.

చివరికి ఆయనకు బెంగళూరులో పని దొరికింది. తెల్లవారుజామున రైలెక్కి చీకటి పడ్డాక దిగేవాడు. మొదటి జీతంతో బియ్యం వచ్చాయి. ఆ పొద్దున అసలైన కడుగునీళ్ళు పట్టుకుని దర్జాగా వెళ్ళాను. చెంగమ్మక్క వేలు ముంచి, రాసి, పెదాలు బిగించి నవ్వాపుకుంది. నేను అలవాటుగా గోడ దగ్గరికి నడవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆడ కాదు. ఇవి అనప తీగకు."

అప్పుడు చూశాను గోడ దగ్గరి తొట్టిని. అన్ని రోజులూ అందులోకి తొంగి చూసిందే లేదు. అందులో మొక్కే లేదు. మన్ను మీద తెల్లగా, సున్నం పూసినట్టు, నా ముగ్గు పేరుకుని ఉంది. వేర్లు ఊపిరాడక చచ్చిపోతాయని ఒక్క మొక్కకూ పోయకుండా, నా ముందు మాత్రం పోస్తున్నట్టే పోస్తూ వచ్చింది.

"అక్కా, నీకు తెలుసా?"

"ఏంది తెలిసేది? మీ వాకిట్లో ఏసేదానికి కొంచెమన్నా మిగిలిచ్చినావా, అంతా నా తొట్టిలోనే పోసేసినావా? పండగ రాబోతా ఉండాది!"

నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. ఆమె కొంగుతో నా ముఖం తుడుస్తూ కూడా తిడుతూనే ఉంది. ఆ క్షణం నుంచి ఆమె అంటే నాకు ప్రాణం.

చెంగమ్మక్క పోయి చాలా ఏళ్ళయింది. ఆయనకు ఇక్కడి ఫ్యాక్టరీలో పని దొరికి వేమగల్ వస్తూ, ఆమె పందిరి విత్తనాలు కొంగున ముడివేసుకుని తెచ్చాను. ఈ తీగలు వాటి సంతానమే.

కింది ఇంటి అమ్మాయి భర్తది కాంట్రాక్టు పని. ఆ పని పోయిందని మొన్న ఎవరో అంటుంటే విన్నాను. మిద్దె దిగి వచ్చి, కోసిన కాయలు బుట్టలో పక్కన పెట్టాను. రాత్రి నానేసిన గింజల గిన్నె చంకన పెట్టుకుని ఆ తలుపు తట్టాను. పిల్ల ముఖం పాలిపోయి ఉంది.

"అక్కా, నీళ్ళు తేలేదు. అదీ..."

"నీళ్ళ మాట ఎవరడిగినారే? ఇవి పితికేదానికి నా చేతులు నొస్తాయి. పట్టు. మీ ఆయన్ను కూడా మిద్దె మీదికి రమ్మను, పందిరి వదులైపోయి ఉండాది. ఇంగ మధ్యాహ్నం అందరమూ మా ఇంట్లోనే తినేది."

ఆమె చాప పరిచింది. నేను పొయ్యికి వీపు పెట్టి కూర్చుని, గిన్నె మా ఇద్దరి మధ్యకు జరిపాను.