లిఫ్టు తలుపు వెనక విన్న మాట

మా బావ లిఫ్టు మెకానిక్. ఇరవై నాలుగేళ్లుగా అదే పని. మా వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు, లిఫ్టు మాస్టారంటే చాలు. మాస్టారని పిలిపించుకునేంత చదువు ఆయనకు లేదు, అలా పిలవొద్దని చెప్పేంత ఓపికా లేదు.

ఆయనకో పద్ధతి ఉంది. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయి లోపల మనుషులు ఇరుక్కుంటే, బయటినుంచి రెండే మాటలు చెబుతాడు. "నేను మెకానిక్‌ని. ఇక్కడే ఉన్నాను." ఇంకెంతసేపని లోపలివాళ్లు ఎంత గొంతు చించుకున్నా, "తెలీదండీ, నేను మాత్రం ఇక్కడే ఉన్నాను" అంటాడు తప్ప, ఐదు నిమిషాలని గానీ, ఇదిగో అయిపోయిందని గానీ అనడు. పని నేర్పిన గురువు పెట్టిన నియమమట. ఐదు నిమిషాలని చెప్పామా, ఆరో నిమిషం రాగానే లోపలి మనిషి అప్పటిదాకా పడని భయమంతా ఒక్కసారే పడతాడట. ఒకసారి నేనే నలభై నిమిషాలు ఇరుక్కున్నాను. సొంత బామ్మర్దినని కూడా చూడలేదు మహానుభావుడు. "తెలీదు బామ్మర్దీ, ఇక్కడే ఉన్నా" అన్నాడు. లోపల నిలబడి తిట్టుకున్నాను గానీ, ఆ గొంతు వినిపిస్తున్నంతసేపూ నాకు చెమటలు పట్టలేదు.

అలాంటి మనిషికి నటి కావాలనుకునే కూతురు పుట్టింది.

మా మేనకోడలికి ఇరవై రెండేళ్లు. పొద్దున పూట కళ్లజోళ్ల కొట్లో పని, మధ్యాహ్నం నుంచి ఆడిషన్లు. వీధి చివర నాకు జిరాక్సు కొట్టుంది కాబట్టి దాని ఫొటోలూ, చెప్పాల్సిన సీన్లూ అచ్చు తీసేది నేనే. రెండేళ్లలో పదకొండు ఆడిషన్లకు వెళ్లింది. ఒకచోట పొడుగెక్కువన్నారు. ఒకచోట ముఖంలో అమాయకత్వం తక్కువన్నారు. మిగతాచోట్ల అసలేమీ అనలేదు. ఈ చివరిదే మా బావకు మింగుడుపడేది కాదు.

"లిఫ్టు ఆగిందంటే ఏదో ఒకటి ఉంటుంది బామ్మర్దీ. ఫ్యూజు పోతుంది, లేకపోతే తలుపు సందులో అగ్గిపుల్ల ఇరుక్కుంటుంది. ఏమీ లేకుండా ఆగదు. వీళ్లేమో కాదంటారు, ఎందుకు కాదో చెప్పరు. చెప్తే బాగుచేసుకుంటాం కదా?"

"పిల్లేమన్నా లిఫ్టా బావా?" అంటే నా మీద కస్సుమనేవాడు.

పాపం, ఆయన చేయగలిగిందల్లా చేశాడు. రాత్రి భోజనాలయ్యాక కూతురి ఎదురుగా కూర్చుని అవతలి పాత్ర మాటలు చదివేవాడు. ప్రియుడి మాటలైనా, పోలీసు మాటలైనా, చావుబతుకుల్లో ఉన్న తాత మాటలైనా ఒకటే గొంతు. పైగా బ్రాకెట్లలో ఉన్నది కూడా చదివేసేవాడు. "నన్ను వదిలి వెళ్లిపోతావా, బ్రాకెట్లో, కన్నీళ్లు తుడుచుకుంటూ, చెప్పు" అని ఆయన చదువుతుంటే, కుట్టుమిషను ముందు కూర్చున్న మా అక్క సూది ఆపి మరీ నవ్వేది. "నాన్నా, బ్రాకెట్లోవి చదవకూడదు" అని పిల్ల నెత్తి కొట్టుకునేది. మర్నాడు మళ్లీ చదివేవాడు.

పన్నెండోది పెద్ద అవకాశం. ఒక సీరియల్లో చెల్లెలి పాత్ర, ఏడాది పాటు పని. మొదటి వడపోతలో నిలిచి రెండోదానికి మంగళవారం వెళ్లింది. మా బావే ఇస్త్రీ చేసిన నీలం చొక్కా వేసుకుంది. ఆ సీరియల్ వాళ్ల ఆఫీసు ఉన్నది ఎనిమిదంతస్తుల భవనంలో, నాలుగో అంతస్తులో. అక్కడి లిఫ్టుకు నెలకోసారి నూనె వేసి, తలుపులు చూసేది మా బావే. ఆ నెల వంతు బుధవారం పడింది.

లిఫ్టు పెట్టె మీద నిలబడి నాలుగో అంతస్తు తలుపు తాళం తుడుస్తున్నాడు. తలుపు మూసే ఉంది. ఇవతల చీకట్లో ఈయన, అవతల వెలుతుర్లో ఎవరో ఇద్దరు. తలుపుకు ఆనుకుని మనిషి ఉన్నాడని ఎవరు మాత్రం అనుకుంటారు? ఆ వృత్తిలో ఇలాంటివి రోజూ చెవిన పడతాయి. ఎవరి కాపురం కూలుతోందో, ఎవరి ఉద్యోగం ఊడుతోందో ఆయన వాళ్లకంటే ముందే విన్నాడు. ఇరవై నాలుగేళ్లలో ఒక్కటీ ఇంటికి మోసుకురాలేదు.

"ఆ నీలం చొక్కా అమ్మాయినే ఖాయం చేద్దామండీ. శుక్రవారం ఫోన్ చేసేస్తాను" అంది ఆడగొంతు. "అంతే, ఇంక చూసేదేముంది" అంది మగగొంతు.

ఆ సాయంత్రం మా బావ చేతుల నూనె కూడా కడుక్కోకుండా ఇల్లు చేరాడు. నేనక్కడే ఉన్నాను. ఆ ముఖం అంత వెలగడం నేను ఆయన పెళ్లిలో కూడా చూడలేదు.

"అమ్మా, నీకు వచ్చేసింది! శుక్రవారం ఫోన్ చేస్తారు" అన్నాడు.

అది తండ్రి మెడకు చుట్టుకుపోయింది. మా అక్క ఒక్కతే, "లోకంలో నీలం చొక్కా ఇదొక్కటేనా ఏమండీ?" అంది. ఆ మాట ఎవరూ చెవిన పెట్టలేదు. నేనూ పెట్టలేదు, గొప్పలు పోను.

గురువారం సాయంత్రంలోగా పిల్ల కళ్లజోళ్ల కొట్టాయనకు ఒక జవాబు చెప్పాలి. కొత్తగా తెరుస్తున్న రెండో కొట్టు మొత్తం దీని చేతిలో పెడతానన్నాడాయన. రోజంతా ఉండాలి, ఆడిషన్లు కుదరవు. వారం రోజులుగా ఎటూ తేల్చుకోలేక సతమతమవుతోంది. తండ్రి మాట వినగానే తేలిపోయింది. వెళ్లి, వద్దండీ అని చెప్పి వచ్చింది. ఆయన ఆ రోజే ఇంకొకరికి మాటిచ్చేశాడు.

శుక్రవారం ఫోన్ రాలేదు. శనివారం మా బావ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఫోన్ మోగిందంటే పరుగు, తీరా చూస్తే ఎక్కడో లిఫ్టు ఆగిందని కబురు. ఆదివారం ఫోన్ మోగనేలేదు. సోమవారం సాయంత్రం ఒక మెసేజ్ వచ్చింది. ఆ పాత్రకు వేరొకరిని తీసుకున్నాం, మీ శ్రమకు ధన్యవాదాలు. అంతే.

ఎల్లుండి ఇంకో చిన్న ఆడిషన్ ఉందని పిల్ల అంతకుముందే సీను పంపింది నాకు. ఆ కాగితాలు అచ్చు తీసి, ఏమీ తెలియక, నవ్వుకుంటూ అప్పుడే గుమ్మంలోకి వచ్చాను. నా చేతిలోంచి కాగితాలు తీసుకుంది. తండ్రి వైపు ఒక్కసారి చూసింది. తిట్టినా బాగుండేది. గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది.

మా బావ తలుపు దగ్గర నేల మీద కూలబడ్డాడు. లోపలికి వినపడేలా తలుపు మీద మెల్లగా తట్టాడు.

"అమ్మా, నేను. నాన్నని. ఇక్కడే ఉన్నా."

తలుపుకు ఇంకాస్త దగ్గరగా జరిగాడు.

"తప్పు నాదమ్మా. ఊళ్లోవాళ్లెవరికీ ఎంతసేపో చెప్పనివాణ్ణి, నీకు మాత్రం రోజుతో సహా చెప్పేశాను. నీకు రావాలని నాకు అంత ఆశగా ఉండి, విన్నదాన్ని నీదనుకున్నాను. బంగారంలాంటి పని పోగొట్టాను."

మా అక్క మిషను ఆపేసింది. నాకు దుఃఖం వచ్చింది, చెప్పుకోడానికి సిగ్గేముంది.

అప్పుడు లోపలినుంచి అడిగింది, ఏడ్చి ఏడ్చి మూసుకుపోయిన గొంతుతో. "అసలు నాకు ఎప్పటికైనా వస్తుందా నాన్నా?"

మేమిద్దరం ఆయన ముఖం వంకే చూశాం. ఎందుకు రాదూ, తప్పకుండా వస్తుంది అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఏ తండ్రయినా అనేది అదే. మా బావ తల తలుపుకు ఆనించాడు.

"తెలీదమ్మా" అన్నాడు. "నేను మాత్రం ఇక్కడే ఉన్నా."

నాకు ఒళ్లు మండిపోయింది. పిల్ల అంతగా అడిగితే ఆ ముక్క తప్ప ఇంకో మాటే దొరకలేదా ఈ మనిషికి అనుకున్నాను. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది. అలా ఎంతసేపు గడిచిందో. వీధిలో దీపాలు వెలిగాయి. ఆయన నేల మీంచి లేవలేదు. పావుగంటకోసారి, "ఇక్కడే ఉన్నానమ్మా" అనడం మాత్రం మానలేదు.

తలుపు కిందినుంచి ఒక కాగితం జరిగి బయటికి వచ్చింది. నేను అచ్చు తీసిందే. అవతలి పాత్ర మాటల కింద పెన్సిలుతో గీతలు గీసి ఉన్నాయి.

మా బావ జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. కాగితాన్ని వెలుతురు వైపు తిప్పుకుని, అలవాటైన ఆ చప్పటి గొంతుతోనే అందుకున్నాడు.

"ఇంత పొద్దుపోయాక ఎక్కడికి బయల్దేరావు, బ్రాకెట్లో, కోపంగా, చెప్పి వెళ్లు."

లోపలినుంచి వెంటనే అందుకుంది.

"నాన్నా! బ్రాకెట్లోవి చదవొద్దని నీకు ఎన్నిసార్లు చెప్పాలి?"

"సరే సరే" అని మా బావ చొక్కా చేతితో కళ్లు తుడుచుకుని, మళ్లీ మొదటినుంచి చదివాడు.