తాత దిగిన దీవులు

నా చిన్నప్పుడు మా ఊరు మొత్తం మీద సముద్రాన్ని చూసినవాడు మా తాత ఒక్కడే. మాది పెనుకొండకూ ధర్మవరానికీ మధ్య, కొండల కింద ఒక మెట్ట ఊరు. చెరువైతే ఉండేది గానీ, అందులో నీళ్ళున్న ఏళ్ళకంటే లేని ఏళ్ళే ఎక్కువ. అలాంటి ఊరి నుంచి మా తాత హిందూపురంలో రైలెక్కి, పట్టాళంలో చేరి, రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా దాకా వెళ్ళి, అక్కడి సముద్రంలో దీవుల మీద దిగి వచ్చాడు. ఈ సంగతి ఆయన మర్చిపోలేదు, మమ్మల్ని మర్చిపోనిచ్చేవాడూ కాదు.

సాయంత్రం అరుగు మీద శనక్కాయలు ఒలుస్తూ కూర్చుంటే చాలు, యుద్ధం మొదలయ్యేది. నాలుగు రాళ్ళు వరసగా పెడితే అవి దీవులు. శనక్కాయ డొప్పలు పడవలు. ఆ దీవుల్ని శత్రువులు పట్టుకుని కూర్చున్నారు, వాటిని మనవాళ్ళు సముద్రం మీంచి వెళ్ళి లాక్కోవాలి. "అన్నీ ఒకేసారి పట్టుకుందామంటే కాదబ్బా. ముందు దగ్గరిది. ఆడ కాలు నిలదొక్కుకోవల్ల. ఆడ మనోళ్ళని నిలబెట్టినాకే రెండోది" అని డొప్పను ఒక రాయి నుంచి ఇంకో రాయికి జరిపేవాడు. ఇనుప పడవ ఒడ్డు దగ్గరికి రాగానే దాని ముందు తలుపు ధబీమని నీళ్ళలో పడేదట. తుపాకీ నెత్తిన పెట్టుకుని అందరికంటే ముందు దూకింది ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. మా అవ్వ లోపలి నుంచి "ఆ దూకేదేదో దొడ్లోకి దూకి గొడ్లకు మేతెయ్యి" అనేది. మేం నవ్వేవాళ్ళం గానీ, నేను మాత్రం ప్రతి అక్షరం నమ్మేదాన్ని. బళ్ళో కూడా మా తాతంత ధైర్యస్థుడు ఈ చుట్టుపక్కల లేడని చెప్పుకుని తిరిగేదాన్ని.

నాకు పదేళ్ళప్పుడు, మూడేళ్ళుగా వానల్లేక చెరువు పూర్తిగా ఎండిపోయింది. ఆ ఎండాకాలం ఊరివాళ్ళు చెరువు మట్టి తవ్వి చేలకు తోలుకున్నారు. తోలగా మిగిలిన మట్టి కట్ట దగ్గర నుంచి చెరువు నడుమ దాకా నాలుగు దిబ్బలుగా పడి ఉండేది. మా పక్కింటి అక్కకు ముప్ఫై గొర్రెలుండేవి. మొగుడు పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి, ఆ గొర్రెలే ఆమెకు బతుకు. సెలవు రోజుల్లో నేనూ ఆమె వెంట చెరువులోకి పోయేదాన్ని.

ఆ రోజు మా నెత్తిన ఎండ కాస్తూనే ఉంది. పెనుకొండ వైపు కొండలు మాత్రం వానమబ్బుతో నల్లబడ్డాయి. మధ్యాహ్నం గొర్రెల్ని తోలుకుని నాలుగో దిబ్బ మీద ఉన్నాం. చెరువులోకి నీళ్ళు తెచ్చే వంక వైపు నుంచి బండ్లు పోతున్నట్టు చప్పుడు వినిపించింది. చూస్తే ఎర్రటి నీళ్ళు, ముందు నురగతో, చెత్తతో, చెరువులోకి వస్తున్నాయి. వేరే ఊరివాళ్ళైతే ఆ క్షణమే కట్టకు పరుగెత్తేవాళ్ళు. మేం పరుగెత్తలేదు. చూస్తూ నిలబడ్డాం. అక్క చేతులెత్తి "గంగమ్మ వచ్చెనే, గంగమ్మ వచ్చె!" అని దణ్ణం పెట్టింది. నేను ఎగిరి గంతులేశాను. మూడేళ్ళుగా కుండెడు నీళ్ళ కోసం కొట్లాడుకున్నవాళ్ళకు నీటిని చూసి పారిపోవాలని ఎలా తోస్తుంది? కట్ట మీద ఊరివాళ్ళదీ అదే వరస. పలక డప్పు కొట్టేవాళ్ళు కొడుతున్నారు, పసుపూ కుంకుమా తెచ్చేవాళ్ళు తెస్తున్నారు. మా చుట్టూ నీళ్ళు తిరిగిపోయాక గానీ మేం చిక్కుకున్నామని మాకూ తెలియలేదు, వాళ్ళకూ తెలియలేదు.

ముందు పలక ఆగింది. తర్వాత మా అమ్మ కేక వినిపించింది. నీళ్ళు దిబ్బను కొరుకుతున్నాయి, మట్టి పెళ్ళలు పెళ్ళలుగా జారిపోతోంది. గొర్రెలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. ఎన్నాళ్ళుగానో నీళ్ళే లేని ఊళ్ళో ఈత ఎవరికొస్తుంది? కట్ట మీద మగవాళ్ళంతా నువ్వు దిగంటే నువ్వు దిగమని అరుచుకుంటున్నారు. అప్పుడు మా తాత కనిపించాడు. పంచె ఎగ్గట్టుకుని నీటి అంచుకు వచ్చాడు. నా భయం సగం పోయింది. సముద్రంలో దూకినవాడికి ఈ చెరువొక లెక్కా అనుకున్నాను.

ఆయన మోకాళ్ళ దాకా దిగి ఆగిపోయాడు. అలాగే నిలబడ్డాడు. తర్వాత వెనక్కి తిరిగి కట్ట వైపు నడిచాడు. మమ్మల్ని వదిలేసి పోతున్నాడనుకున్నాను. అప్పుడు నాకు కలిగింది నీళ్ళ భయం కాదు, అంతకంటే పెద్దది. అక్క నన్ను ఒంటికి అదుముకుంది. 

కట్ట మీద ఏం జరిగిందో ఆ సాయంత్రం అక్క వాళ్ళ నాయన చెబితే విన్నాను. తాత వెనక్కి వచ్చి, అందరి ఎదుటా, "నాకు భయమైతాండాది. కాళ్ళు కదల్లేదు. ఎవరన్నా నా చెయ్యి పట్టుకోండప్పా" అన్నాడట. అంతవరకూ మీసాలు మెలేస్తూ అరుస్తున్నవాళ్ళందరూ నోళ్ళు మూశారట. అక్క నాయన ముందుకొచ్చి "నాకూ అంతే మామా. కూతురు ఆడ ఉండాది, అయినా కాళ్ళు వణుకుతాండాయి" అని ఆయన చెయ్యి పట్టుకున్నాడట. దాంతో ఇంకొకడు, వాడి వెనక ఇంకొకడు.

మాకు కనిపించింది ఇదీ. ఏడెనిమిది మంది చేతులు పట్టుకుని, మోట తోలే లావుపాటి మోకు తాడు వెంట తెచ్చుకుని నీళ్ళలోకి దిగారు. ముందు మొదటి దిబ్బకు చేరారు. అక్కడ ఇద్దరు నిలబడి మోకు కొస నడుముకు చుట్టుకున్నారు. తర్వాత రెండోది, అక్కడ ఇద్దరు. మూడోదాని దగ్గర నీళ్ళు తాత గుండెల దాకా వచ్చాయి. చివరికి ఆయనా అక్క నాయనా మా దిబ్బ ఎక్కారు. తాత నన్ను మెడ మీద కూర్చోబెట్టుకున్నాడు. ఆయన ఒళ్ళంతా వణుకుతూనే ఉంది.

అక్క గొర్రెల్ని వదిలి రానంది. ఆమెతో వాదించే తీరిక ఎవరికీ లేదు. మంద ముందు నడిచే పొట్టేలు కొమ్ములు పట్టుకుని, నోటితో అదిలిస్తూ, మోకు పట్టుకుని ఆమే దిగింది. మిగతావి దాని వెంట పడ్డాయి. దిబ్బల మీద నిలబడ్డవాళ్ళు కొట్టుకుపోయేవాటిని కాళ్ళు దొరికితే కాళ్ళు, చెవులు దొరికితే చెవులు పట్టి లాగారు. రెండు గొర్రెపిల్లలు మాత్రం పోయాయి. కట్టెక్కాక ముప్ఫైలో ఇరవై ఎనిమిది మిగిలాయని అందరూ సంబరపడుతుంటే, అక్క ఆ రెంటి కోసం ఏడ్చింది.

ఆ పొద్దు దిగకముందే పిల్లలమంతా అరుగు చుట్టూ చేరాం. మళ్ళీ యుద్ధం కథ చెప్పమన్నాం.  తాత ఈసారి రాళ్ళూ డొప్పలూ ఏమీ పెట్టకుండా చెప్పాడు.

"నేను ముందు దూకలా. పడవ తలుపు పడినాక ఎదురుగా అంత నీళ్ళు చూసి రాయైపోయినా. నా పక్కన మడకశిర వాడొకడు ఉండె, కన్నడం మాట్లాడతాండె. 'నంగూ భయ, కై కొడు' అన్నాడు. నాకూ భయమే, చెయ్యియ్యి అని. వాడు ముందు దిగి నన్ను దింపినాడు. మొదటి దీవిలో అట్లనే, రెండో దీవిలో అట్లనే. మూడో దీవి దగ్గర గుండు తగిలి పోయినాడు. ఇన్నేండ్లూ వాని దూకుడు నాదని చెప్పుకుంటి."

మా అవ్వ వాకిట్లోకి వచ్చి నిలబడి అంతా వింది.  తాత పక్కన కూర్చుని ఆయన వీపు నిమిరింది. నాకు తాత మీద కోపం రావాల్సింది, బళ్ళో అన్ని కోతలు కోయించినందుకు. రాలేదు. అప్పటివరకూ ఆయనంటే గొప్పగా ఉండేది, ఆ సాయంత్రం నుంచి ప్రేమ పుట్టింది.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. కిందటేడు హిందూపురం ఆసుపత్రిలో మోకాలి ఆపరేషన్ చేశారు. బయట కొడుకూ కోడలూ "ధైర్యంగా ఉండమ్మా" అంటే, ఉన్నట్టే తలూపాను. తలుపు మూసుకున్నాక లోపల ఉన్న నర్సమ్మాయితో "నాకు భయమైతాండాది పాపా, చెయ్యి పట్టుకుంటావా" అన్నాను. పట్టుకుంది. మత్తు ఎక్కేదాకా వదల్లేదు. ఇప్పుడు ఎవరు పలకరించడానికి వచ్చి "అంత పెద్ద ఆపరేషన్ ఎట్లా తట్టుకున్నావు" అని అడిగినా, నా గొప్ప ఒక్క ముక్క చెప్పను. ముందు ఆ అమ్మాయి సంగతి చెబుతాను.