చాటలో అతికిన లగ్నపత్రిక

"గా చాటను నీళ్లల్ల ముంచితే చెయ్యి ఇరగ్గొడుత బిడ్డా! మీ అమ్మ మనసుపడి అల్లించుకున్నది గది" అని బాపు కేకేశాడు.

"ముంచకపోతే రేపు వకీలుకు ఏం చూపియ్యాలె? నా మొఖమా?" అన్నాను.

"ఏం చూపియ్యకు. కులపెద్దల ముంగట తెంపుకుందాం. కచ్చేరి మెట్లెక్కినదాన్ని మన సాలోళ్లల్ల ఎవరన్న పేరంటానికి పిలుస్తరా?"

"గా పెద్దల ముంగటనే గద నా పెనిమిటి 'పిల్ల నాది, సంతనాడొచ్చి గుంజుకపోత' అన్నది? ఒక్కలన్న నోరు తెరిసిండ్రా బాపూ?"

సంత ఎల్లుండే.

పెనిమిటి దెబ్బలకు ఓర్వలేక, నాలుగేళ్ల బిడ్డను చంకనేసుకొని చౌటుప్పల్ దగ్గరి మా పుట్టింటికి వచ్చి రెండు నెలలైంది. వాడలో సైకిల్ గంట మోగితే చాలు, ఆయనేనేమోనని బిడ్డను లోపలికి లాగి తలుపు వేసేదాన్ని. నల్లగొండ వకీలు ఒకటే చెప్పాడు: విడాకుల దరఖాస్తులో పెళ్లి ఎక్కడ, ఏనాడు జరిగిందో రాయాలి, లగ్నపత్రిక తెచ్చిన రోజే వేస్తాను, బిడ్డ నీ దగ్గరే ఉండాలని కూడా అందులోనే అడుగుతాను, పత్రిక లేకుంటే సాక్షులను వెతకాలి, ఆలస్యమవుతుంది.

ఆ కాగితాన్ని పాడుచేసింది నేనే. కాన్పుకు వచ్చినప్పుడు చాట చిల్లులు పడి నూకలు రాలిపోతుంటే, నేతకు ముందు పడుగు నూలుకు పెట్టగా మిగిలిన గంజి పూసి, పెట్టె అడుగున దొరికిన కాగితాలన్నీ దాని మీద అతికించాను. మా ఇంట్లో గంజి పారబోయడం, కాగితం పారేయడం ఎరుగం. మూడో తరగతిలో బడి మానినా అక్షరాలు వచ్చు. చదివి చూడాలన్న బుద్ధి మాత్రం ఆనాడు పుట్టలేదు. చాట అంచున పొర కింద కనిపించిన పసుపు మరకే ఇప్పుడు నాకున్న ఆశ.

బాపు ఎదుటే చాటను గంగాళంలో ముంచాను. గంజి నానేదాకా బిడ్డను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. పైపొర నూలుకట్టల చీటీ. దాని కింద నా బడి పుస్తకం చింపు. గోటితో ఒక్కో పొరే లేపాను. పసుపు మరకున్న మూడో పొర సగం లేచి, ఒక మూల చాటకే ఉండిపోయింది.

"జర ఆగు. గట్ల గుంజితె చినుగుతది. పోగు విడదీసినట్టు తియ్యాలె" అంటూ బాపు వచ్చి కూర్చున్నాడు. అరవై ఏళ్లు పోగులు విడదీసిన వేళ్లు ఆయనవి. మిగిలిన మూల చినగకుండా వచ్చింది. సిరా చెదిరినా సంవత్సరం, తిథి, మా ఊరి పేరు, ఇద్దరి పేర్లు కనిపించాయి. దాన్ని ఆరేయడానికి మగ్గంలో నేసిన బట్ట చుట్టుకునే దోనెకర్ర మీద పరిచాడు.

ఆ రాత్రి బిడ్డ పావడ బొందును నా కొంగుకు ముడేసుకొని పడుకున్నాను. నిద్ర పట్టలేదు.

తెల్లవారి ముడి విప్పి బిడ్డను చంకనేసుకున్నాను. కచ్చేరికి వద్దన్న బాపు కాగితాన్ని రెండు అట్టల నడుమ పెట్టి, తువ్వాలలో చుట్టి, నాకంటే ముందే బస్సు దగ్గర నిలబడ్డాడు. పెనిమిటి ఎక్కడైనా ఉన్నాడేమోనని నేను రోడ్డుకు రెండు దిక్కులా చూశాను. లేడు. నల్లగొండలో వకీలు పత్రికను వెలుతురుకు పట్టి చదివాడు, గుమాస్తా రాసుకున్నాడు. దరఖాస్తు కింద నేను సంతకం పెట్టాను. సంతకు ఒకనాడు ముందే, మధ్యాహ్నానికి అది కచ్చేరిలో పడింది.